సెలవుల్లో వేసిన సున్నం

ఎవరైనా కొత్తవాళ్ళు "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే "గోడలు గోకుతాను" అని చెబుతాను. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆగనివాళ్ళకి మిగతాది చెప్పక తప్పదు. మా కాకినాడలో పాత కట్టడాన్ని ఎవరైనా పడగొట్టాలన్నా, పైన అంతస్తు లేపాలన్నా, ఆఖరికి ఓ కిటికీ మూసెయ్యాలన్నా ముందు మా ఆఫీసుకి అర్జీ పెట్టుకోవాలి. ఆ కట్టడం ఉంచదగ్గదో కాదో తేల్చేది మేము. మేమంటే నేనూ, మా ఆఫీసరు పేర్రాజుగారి పెట్టే.

ఆ పెట్టెకి ఆయన పెట్టిన పేరు సుధాశ్రవణి. సుధ అంటే సున్నమేనట, అమృతం కూడా అదేనట. పేరు పెట్టిన రోజున ఈ ముక్క వచ్చినవాళ్ళందరికీ పట్టుకుని మరీ చెప్పారు. ఆఫీసులో మేం మాత్రం చెవిపెట్టె అంటాం. ఆయన లేనప్పుడు.

పేర్రాజుగారు కనిపెట్టింది నిజానికి చిన్న సంగతే. గోడకి వేసిన సున్నం ఆరడం వేరు, గట్టిపడటం వేరు. తడి ఒక్కపూటలో పోతుంది. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు సున్నం గాలి పీల్చుకుంటూ మెల్లగా రాయవుతుంది. ఆ రోజుల్లో గదిలో పుట్టిన చప్పుడు ఆ గాలితోపాటే లోపలికి దిగి ఉండిపోతుంది. మళ్ళీ ఏడు ఇంకో పొర, ఆ పై ఏడు ఇంకోటి. నేను గోడకి పట్టాలు బిగించి పెట్టెని ఈ మూల నుంచి ఆ మూలకి నడిపిస్తాను. సన్నటి వెలుగు ఒక్కో పొరనీ కాల్చుకుంటూ పోతుంది. పొర పొడై నా కాళ్ళ మీద రాలుతుంది, అందులో ఉన్న మనుషుల అలికిడి నా చెవుల్లోకి వస్తుంది. విన్న పొర ఇక ఉండదు. చీపురుతో ఎత్తుకోవాలి.

అలికిడి ఉంటే పెట్టె మీద "ఉంది" అన్న మీట నొక్కుతాను. అప్పుడది భద్రమవుతుంది, బహిరంగ విచారణలో అందరికీ వినిపిస్తారు, కట్టడం నిలబడుతుంది. లేకపోతే "లేదు" నొక్కుతాను. విన్నదంతా చెరిగిపోతుంది, అర్జీదారు ఆ వారంలోనే పొక్లెయిన్ తెచ్చుకుంటాడు. రెంటిలో ఏదో ఒకటి నొక్కేదాకా పెట్టె ఇంకో గోడని ముట్టుకోదు.

కొత్తలో ఏడ్చేదాన్ని. ఎవరో పురిటినొప్పులు పడుతుంటారు, ఎవరో పెళ్ళి కుదరలేదని గోడకి తల కొట్టుకుంటుంటారు. వాళ్ళంతా పోయి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడు ఏమీ లేదు. ఓ పక్క అవన్నీ వింటూనే ఇంకో పక్క టిఫిన్ డబ్బా తెరిచి ఇడ్లీ తింటాను. చెట్నీ పుల్లబడితే మాత్రం కోపం వస్తుంది, అదే నాలో మిగిలింది.

పేర్రాజుగారికి నా ఈ పద్ధతి నచ్చుతుంది. "నీలాంటివాళ్ళే కావాలమ్మా హైమా. మమకారం పెట్టుకుంటే మదింపు చెయ్యలేం" అంటారు. ఆయ్, ఆయన ఊరికే అనరు. ఆయన చదువుకున్న హైస్కూలుకే అర్జీ వచ్చినప్పుడు స్వయంగా వెళ్ళి విన్నారు. ఐదేళ్ళు తను కూర్చున్న గది. పొరలన్నీ విన్నా కాకులు తప్ప ఏమీ లేదు. "చూశావా, ఆ గోడలు నన్ను గుర్తుపెట్టుకున్నాయని అనుకునేవాణ్ణి. అంతా మన భ్రమ" అని నవ్వుతూ "లేదు" నొక్కి వచ్చేశారు. అక్కడిప్పుడు ఏసీ ఫంక్షన్ హాలు ఉంది. అదొక్కటే కాదు, మేం విన్న బళ్ళన్నీ అలాగే తేలాయి. గుళ్ళల్లో గోల, రైస్‌మిల్లుల్లో గోల, బళ్ళల్లో మాత్రం నిశ్శబ్దం. ఎందుకని ఎవరమూ అడగలేదు.

మా ఇంట్లో ఉండేది ఇద్దరం, నేనూ మా అమ్మా. నాకు పెళ్ళీ గిళ్ళీ లేదు, అడక్కండి. అమ్మ పేరు మాణిక్యం. పుట్టుచెవుడు. మాట కూడా లేదు. అంటే గొంతు లేదని కాదు. చిన్నప్పుడెప్పుడో బస్సులో తన గొంతు విని ఎవరో నవ్వారట, అప్పుడు నోరు మూసింది. నవ్వినా ఏడ్చినా చప్పుడు రానివ్వదు. నా తల్లి గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. మా మాటలన్నీ చేతుల్తోనే. అమ్మ చేతుల్లో "ఏమే" అనే మాట ఉండదు, కాని ఆ విసురు ఉంటుంది. కాబట్టి నేను తెలుగులో చెప్పేటప్పుడు "ఏమే" పెట్టే చెబుతాను.

అమ్మకి నేలలు రెండు రకాలు. అరచెయ్యి బోర్లించి వేళ్ళు వణికిస్తే బతికిన నేల. కదలకుండా ఉంచేస్తే చచ్చిన నేల. మా అపార్ట్‌మెంటులో టైల్స్, కాబట్టి చచ్చిన నేల. ఎంత తొక్కినా అవతలివాళ్ళకి అదురు అందదు. అందుకని పడగొట్టిన ఇంటి నుంచి ఓ పాత టేకు తలుపు తెచ్చి, ఒక కొస అమ్మ కుర్చీ కిందికీ ఇంకో కొస వంటగది గుమ్మం దాకా వచ్చేలా పరిచాను. నేను ఇటు తొక్కితే అమ్మ అరికాళ్ళకి తెలుస్తుంది. మూడు తొక్కి ఆగితే "ఇలా రా" అని. గబగబా తొక్కితే కొంప మునిగిందని.

ఇంకో సంగతి. ఎదురుగా మనిషి ఉంటే అమ్మ కళ్ళు మూసుకోదు. కళ్ళే చెవులు కదా. నా మీద బాగా కోపం వచ్చినప్పుడు మాత్రం గట్టిగా మూసుకుంటుంది. ఇక నువ్వెంత చేతులాడించినా లాభం లేదు, తలుపు వేసేసినట్టే.

నా చిన్నప్పుడు పక్కింటి అమ్మలు జోలపాటలు పాడేవారు. మా అమ్మ వీపు మీద జోకొట్టేది, అంతే. రెండు దెబ్బలు నెమ్మదిగా, కాస్త ఆగి, ఒకటి గట్టిగా, ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంచేసి. మళ్ళీ మొదలు. ఆ వరస నేనింకెక్కడా చూడలేదు.

ఆదివారం పొద్దున్న ఇద్దరం చిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తున్నాం. "జగన్నాథపురం మూగబడికి అర్జీ వచ్చింది" అని చెప్పాను. "కొనుక్కున్నాయన పడగొట్టి దుకాణాలు కడతాడట. ఎల్లుండి మంగళవారం నేను వెళ్ళి వినాలి."

అమ్మ చదువుకున్నది అక్కడే. బడిని ఎప్పుడో కొత్త బిల్డింగులోకి మార్చేశారు. పాతదాని మేడ మీద హాల్లో మాత్రం నెలకోసారి అమ్మా, అమ్మతో చదివినవాళ్ళూ కలుసుకుంటారు. ఆ మేడ నేల బర్మా టేకు చెక్క. ఒకరు కాలు తడితే హాలంతా తల తిప్పుతుంది. వాళ్ళకి ఊరు మొత్తంలో బతికిన నేల అదొక్కటే. పోతుందంటే అమ్మ తిట్లు మొదలెడుతుందనుకున్నాను. తిట్టలేదు. చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"కింద గది వింటావా? మెట్ల పక్కది?" అంది.

"అన్నీ వినాలి. ఏం?"

"ఒక ఏడు దసరా సెలవులకి అందర్నీ ఇళ్ళకి తీసుకెళ్ళారు. మా నాన్న రాలేదు. పద్దాలు వాళ్ళ నాన్నా రాలేదు." పద్దాలు అన్న పేరు అమ్మ చేతుల్లో వేరు, గడ్డం మీద రెండు వేళ్ళు ఆనించడం. ఆ పిల్లకి అక్కడ పుట్టుమచ్చ ఉండేదట. "సెలవుల్లోనే కదా బడికి సున్నం కొట్టేది. ముందు కింద కొట్టారు, తర్వాత మేడ మీద మొదలెట్టారు. మేడ తడిగా ఉందని మా ఇద్దరినీ కింద గదిలో పడుకోమన్నారు. ఆ ఏడు నీలిమందు ఎక్కువైపోయి గది నీలంగా ఉండేది. వంటమనిషి వండిపెట్టి వెళ్ళిపోయింది. వాచ్‌మన్ తాత పండగ చూడ్డానికి పోయాడు. పద్దాలుకి జ్వరం, ఆయాసం. పొద్దున్న నేను లేచేసరికి కుండ దగ్గర పడి ఉంది. చల్లగా."

అమ్మ ఈ సంగతి ఇదివరకు ఎప్పుడూ చెప్పలేదు.

"నేను నాలుగడుగుల దూరంలో పడుకున్నాను. అది నన్ను పిలిచిందో, పిలవకుండా నిద్రలోనే వెళ్ళి నీళ్ళు తాగబోయి పడిపోయిందో నాకు తెలియదు. అరవై ఏళ్ళు దాటింది. నువ్వు విని చెప్పు. పిలిచిందా, లేదా?"

"అమ్మా, ఇప్పుడెందుకు అదంతా."

"నీ మొహం నాకు కనపడటం లేదే. ఆ ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ నీ మొహానికి వెల్ల వేసినట్టుంటుంది. నేను చదవలేకపోతున్నాను. అందుకే నోటితో అడుగుతున్నాను" అని కళ్ళు మూసేసుకుంది. "నోటితో" అన్నప్పుడు కూడా చేతులే వాడింది పాపం.

వంటగదిలోకి వెళ్ళి చిక్కుడుకాయలు కడుగుతుంటే అప్పుడు తట్టింది. సెలవుల్లోనే కదా బడికి సున్నం కొట్టేది. అమ్మ మామూలుగా అనేసిన మాట. పంపు అలా తిప్పేసి ఉంచి నిలబడిపోయాను.

సోమవారం పేర్రాజుగారు టీ సాసర్లో పోసుకుని తాగుతున్నారు.

"సార్, బళ్ళకి సున్నం ఎప్పుడు వేస్తారు?"

"సెలవుల్లో వేస్తారమ్మా. పిల్లలుండగా వేస్తే బట్టలకి అంటుకోదూ? దసరాకో, ఎండాకాలమో చూసుకుని..." చెబుతూ చెబుతూ ఆగారు. సాసరు బల్ల మీద పెట్టారు. టీ కొంచెం ఒలికింది. ఆయన తుడవలేదు, నేనూ తుడవలేదు.

"మళ్ళీ బడి తెరిచేసరికి గట్టిపడిపోయి ఉంటుంది" అన్నారు.

"అవును సార్."

"పెట్టెలో తప్పేం లేదు హైమా. ఉన్నదే వింది."

"అవును సార్."

"ఆ గదిలో నేను ఎక్కాలు అప్పజెప్పేవాణ్ణి. గట్టిగా అరిచి చెప్పేవాణ్ణమ్మా, వరండాలోకి వినపడేది." ఆయన కళ్ళద్దాలు తీసి, వాటినే చూస్తూ కూర్చున్నారు. తిడతారేమో, ఏడుస్తారేమో అని ఎదురుచూశాను. ఏమీ లేదు. నా జబ్బు ఆయనకీ అంటుకున్నట్టుంది.

తర్వాత మెల్లగా ఆయనే అన్నారు. "పైవాళ్ళకి చెప్పాలంటే రుజువు కావాలి. లేకపోతే పడగొట్టించినవాటికి సంజాయిషీ అంటారు. సెలవుల్లోనూ పిల్లలున్న బడి ఒక్కటి దొరకాలి. దాంట్లో అలికిడి ఉందని తేలితే, మిగతావి ఎందుకు మూగపోయాయో ఒప్పుకుంటారు. అర్జీల క్యూలో ఉన్న బళ్ళయినా కూలకుండా నిలబడతాయి. రేపు నువ్వు వెళ్ళే మూగబడికి హాస్టలుందిగా?"

"ఉందండి."

"జాగ్రత్తగా విను తల్లీ."

ఈ మాట ఆయన ఎప్పుడూ అనలేదు. తల్లీ అని కూడా ఎప్పుడూ అనలేదు. నాకు చిరాకేసింది.

మంగళవారం పొద్దున్నే పెట్టె భుజానేసుకుని వెళ్ళాను. కొనుక్కున్నాయన తాలూకు ఇంజినీరు గేటు దగ్గరే తయారుగా ఉన్నాడు. కుర్రాడు మంచివాడే, కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చాడు. "మూగబడి కదా మేడమ్, ఏముంటుంది? ఓ గంటలో అయిపోద్దిగా" అన్నాడు. "చూద్దాం" అన్నాను.

మెట్ల పక్క గదిలో నేల నాపరాయి. చెప్పులు విప్పి కాలితో తట్టి చూశాను. చచ్చిన నేల. అమ్మ చెయ్యి బోర్లించినట్టు కదలకుండా ఉంది. పట్టాలు బిగించి పెట్టె మొదలెట్టాను. పైపొరల్లో ఎవరూ లేరు, పావురాలు, ఒక ఫ్యాను. తెల్లపొడి రాలుతోంది. ఇంజినీరు మధ్యలో తొంగి చూసి "ఏమైనా ఉందా మేడమ్?" అన్నాడు. "పొడి ఉంది" అన్నాను.

మధ్యాహ్నమయ్యేసరికి కాళ్ళ మీద నీలంపొడి రాలింది.

ఆ పొరలో ముందు మేడ మీద సున్నం కొట్టేవాళ్ళ మాటలు. గిన్నెల చప్పుడు. తర్వాత ఆడపిల్లల గొంతులు, రెండు. మాటలు కావు, ఊరికే గొంతులు. ఆటలో ఉన్నట్టు ఒకటి కిందకీ ఒకటి పైకీ. రెంటిలో ఒకటి మా అమ్మది. ఏది? తిరగేసి వినడానికి అప్పుడే కుదరదు. ఎంత చెవులు రిక్కించినా నా తల్లి గొంతు నేను గుర్తుపట్టలేకపోయాను. కాసేపటికి వాటిలో ఒకటి ఏడుపయింది. వెక్కివెక్కి, ఎవరైనా వింటారన్న సిగ్గు లేకుండా, చాలాసేపు ఏడ్చింది. రెండో గొంతు ఏదో కూస్తూ పక్కనే ఉంది. తర్వాత ఇద్దరూ ఊరుకున్నారు.

చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత ఎగశ్వాస.

తర్వాత దెబ్బలు. అరచేత్తో రాతి మీద, మూడు. ఆగడం. మళ్ళీ మూడు. ఆగడం. నాకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. పుట్టినప్పట్నుంచీ మా ఇంట్లో మేం పిలుచుకునేది అలాగే. ఇలా రా. ఇలా రా. ఇలా రా. దెబ్బలు గబగబా పడటం మొదలెట్టాయి. గొంతు కూడా కలిసింది, "ఆ, ఆ" అని. ఇందాక పక్కనుండి కూసిన గొంతే. అయితే ఏడ్చిన గొంతు అమ్మదన్నమాట. నాకు అలా తెలిసింది.

రాతి మీద ఎంత కొట్టినా ఏం లాభం. మేడ మీద పడుకుని ఉంటే మొదటి దెబ్బకే అమ్మ లేచి కూర్చునేది.

దెబ్బలు ఆగిపోయాయి. పాక్కుంటూ వస్తున్న చప్పుడు, గాజులు రాతికి రాసుకోవడం. అమ్మ దాకా వచ్చింది. ఇక ఒళ్ళు పట్టుకుని కుదిపేస్తుంది, ఒక్క కుదుపు చాలు, అనుకున్నాను. కుదపలేదు. మెత్తటి దెబ్బలు వినిపించాయి, గుడ్డ మీద. రెండు నెమ్మదిగా. కాస్త ఆగి, ఒకటి గట్టిగా. ఆ తర్వాత వేళ్ళు ఐదూ ఒకదాని తర్వాత ఒకటి ఆనించినట్టు సన్నగా ఐదు చప్పుళ్ళు. మళ్ళీ మొదలు. ఎగశ్వాస తీస్తూనే జోకొడుతోంది. చాలాసేపు కొట్టింది. తర్వాత పాక్కుంటూ దూరంగా వెళ్ళింది. గ్లాసు పడి రాతి మీద దొర్లింది. ఆ తర్వాత కాకులే.

పెట్టె ఆగి, మీటల పక్కన దీపం వెలిగించుకుని నా కోసం చూస్తోంది. నేను చీపురు తీసుకుని నీలంపొడి ఎత్తాను. ఆ రోజు ఇడ్లీ తినలేదు. తినలేకపోయానని కాదు, డబ్బా సంగతే గుర్తులేదు.

"లేదు" నొక్కితే అమ్మకి బతికున్నంతకాలం మనశ్శాంతి. మేడా పోతుంది, క్యూలో ఉన్న బళ్ళూ పోతాయి, అంతే. "ఉంది" నొక్కితే బడి నిలబడుతుంది. కాని విచారణలో అందరి ముందూ ఈ చప్పుడంతా వేస్తారు, సైగలు చేసే మనిషిని పెట్టి ఒక్కో దెబ్బా విడమరిచి చెబుతారు. అమ్మ మొదటి వరసలో కూర్చుంటుంది. పద్దాలు పిలిచింది, నువ్వు లేవలేదు అని ఊరంతా కలిసి చెప్పినట్టవుతుంది. ఏది నొక్కినా ఆవిడనే నొక్కినట్టు. ఛీ, ఏం ఉద్యోగం ఇది!

మేడెక్కి ఆ చెక్క నేల మీద నిలబడ్డాను. మూడుసార్లు తొక్కాను. కిటికీ అద్దాలు గలగలమన్నాయి, ఆ అదురు నా అరికాళ్ళలోంచి మోకాళ్ళ దాకా వచ్చింది. ఎవరూ రాలేదు, ఇంజినీరు తప్ప. "ఏమైంది మేడమ్?" అన్నాడు కంగారుగా. "ఏమీ కాలేదు బాబూ. రేపు చెబుతాను" అని ఏ మీటా నొక్కకుండా పెట్టె ఇంటికి పట్టుకొచ్చేశాను.

అమ్మ గుమ్మంలోనే ఉంది. చెప్పులు కూడా విప్పనివ్వలేదు.

"పిలిచిందా?"

నా మొహంలోకి చూసింది. చూస్తే అక్కడ ఏముంటుంది, వెల్ల. ఇన్నేళ్ళలో ఆ మొహం నాకు పనికొచ్చింది ఆ ఒక్కసారే. "లేదు" అన్నాను. "గదిలో ఏ అలికిడీ లేదు. నిద్రలోనే లేచి వెళ్ళుంటుంది."

"ఒక్కసారి కూడా?"

"ఒక్కసారి కూడా."

అమ్మ నెమ్మదిగా వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. "అయితే బడి పోతుంది" అంది.

"పోతుంది."

"పోనీలే." చేతులు ఒళ్ళో పెట్టేసుకుంది. హాయిగా ఊపిరి పీల్చుకుంటుందని అనుకున్నాను. అలా ఏం లేదు. తల వంచుకుంది, చప్పుడేమీ లేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. బడి కోసమో, పద్దాలు కోసమో తెలియదు. నేను వెనక్కి వెళ్ళి నిలబడి, ఊరికే, ఏమీ ఆలోచించకుండా, వీపు మీద చెయ్యి వేసి జోకొట్టాను. రెండు నెమ్మదిగా. ఆగి, ఒకటి గట్టిగా. తర్వాత ఐదు వేళ్ళూ, ఒకదాని తర్వాత ఒకటి.

అమ్మ బిగుసుకుపోయింది. గిరుక్కున తిరిగి నా చెయ్యి పట్టుకుంది. ఆ వేళ్ళు ఒక్కొక్కటే ముట్టుకుని చూసింది.

"ఈ చివరి ముక్క నీకెవరు నేర్పారు?"

చెయ్యి లాక్కోబోయాను, వదల్లేదు.

"జోకొట్టడం నాకు నేర్పింది పద్దాలు. నేను నీకు కొట్టాను. కాని ఈ వేళ్ళ ముక్క నేను ఎవరికీ ఇవ్వలేదే. నీకు కూడా ఇవ్వలేదు. అది పద్దాలుది. ఎక్కడ విన్నావ్?"

"కింద గదిలో. నీలం పొరలో" అన్నాను. ఇక ఆపడం నావల్ల కాలేదు. చేతులు వాటంతటవే చెప్పేశాయి. "పిలిచిందమ్మా. చాలాసేపు పిలిచింది. రాతి మీద కొట్టింది, నోటితో అరిచింది. నేల చచ్చిందమ్మా, నీ తప్పేం లేదు. తర్వాత పాక్కుంటూ నీ దగ్గరికి వచ్చింది. ఎందుకో మరి, లేపలేదు. జోకొట్టి వెళ్ళింది."

అమ్మ ఏడవలేదు. చాలా చిన్నగా, చేతులు ఒళ్ళోంచి పైకి ఎత్తకుండా చెప్పింది.

"అయితే అది కల కాదన్నమాట."

"ఏది?"

"ఆ వేళ నిద్రలో ఎవరో జోకొడుతున్నట్టు తెలిసింది. రోజంతా నాన్న రాలేదని ఏడ్చి పడుకున్నానుగా, మా అమ్మ వచ్చిందనుకున్నాను. నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిందనుకున్నాను. కళ్ళు తెరిస్తే పోతుందేమోనని తెరవలేదు. మెలకువ వచ్చిందే. నాకు మెలకువ వచ్చింది. కావాలనే తెరవలేదు."

కుర్చీ పక్కన నేల మీద కూలబడ్డాను. నీ తప్పేం లేదు అని ఇందాక అంత ధీమాగా చెప్పిన చేతులు, ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అమ్మే నా భుజం తట్టి పెట్టెవైపు చూపించింది. "అందులో ఉందా అది?"

"ఉంది. మీట నొక్కితేనే మళ్ళీ వినిపిస్తుంది. నొక్కితే అందరికీ వినిపిస్తారు. విచారణలో. నీ వాళ్ళంతా ఉంటారు."

"ఉండనీ. నొక్కు."

"అమ్మా..."

"నొక్కవే. అది అంతసేపు పిలిచింది. ఎవరో ఒకళ్ళు పలకాలా, వద్దా?"

నొక్కాను. "ఉంది" అన్న అక్షరాల కింద ఎర్రదీపం పచ్చగా మారింది. పెట్టెని టేకు చెక్క మీద, అమ్మ పాదాల దగ్గర పెట్టి, చప్పుడు ఎంత పెరుగుతుందో అంతా పెంచాను. "జోకొట్టిన దగ్గర్నుంచి పెట్టనా?" అన్నాను.

"కాదు. పిలుపు దగ్గర్నుంచి పెట్టు."

చెక్క అదిరింది. మూడు, ఆగడం. మూడు, ఆగడం. అమ్మ రెండు పాదాలూ బల్లపరుపుగా ఆనించి కూర్చుంది. నా చెంప మీద ఏదో పాకుతున్నట్టుంటే తుడుచుకున్నాను, తడి. నేను ఆవిడ ఎదురుగానే ఉన్నాను, అయినా అమ్మ కళ్ళు మూసుకుంది. కోపంతో కాదు. గబగబా దెబ్బలు వచ్చినప్పుడు కాలివేళ్ళు ముడుచుకున్నాయి. తర్వాత మెత్తటివి వచ్చాయి, రెండు, ఒకటి, ఐదు వేళ్ళు. అప్పుడు అమ్మ నోరు తెరుచుకుంది, గొంతులోంచి సన్నగా ఓ కూత వచ్చింది. తనకి వినపడదు కాబట్టి వచ్చిందని తనకి తెలియదు. మధ్యాహ్నం గోడలో ఏడ్చిన పిల్లదే ఆ గొంతు, ఈసారి గుర్తుపట్టాను.

గ్లాసు దొర్లి ఆగిపోయింది. చెక్క ఆగిపోయింది. అమ్మ కళ్ళు తెరవలేదు. నేను మళ్ళీ మొదట్నుంచి పెట్టాను.